పాత గేమ్ డబ్బాలో ఫజ్ పెడల్

పాత వీడియో గేమ్‌తో ఫజ్ పెడల్ (గిటార్ శబ్దాన్ని గరగరలాడించే, కాలితో నొక్కే పెట్టె) అనగానే చాలామంది ఏదో ఒక సర్క్యూట్ తెచ్చి ఆ ప్లాస్టిక్ పెంకులో ఇరికిస్తారు. నాకది ఉత్త అలంకారం. నింటెండో వారి పాత గేమ్ కన్సోల్ ఎన్‌ఈఎస్ బోర్డు మీద 74హెచ్‌సీయూ04 అనే ఇన్వర్టర్ (సిగ్నల్‌ను తిరగేసే) చిప్ ఉంటుంది. పుట్టింది డిజిటల్ పనులకే అయినా, ఆట శబ్దాన్ని పెంచే పని కూడా అందులోని ఒక భాగమే చూస్తుంది. గిటార్‌తో దాన్ని మోతాదు మించి నడిపితే చాలు, ఫజ్ వస్తుంది.

అలాగని పనిచేసే ఎన్‌ఈఎస్‌ను విప్పకండి, పాపం. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ ఆదివారం సంతలాంటి చోట పాడైపోయిన నకిలీ కన్సోల్ కనిపిస్తే తెచ్చుకోండి. వాటిలో చాలావరకు చిప్ నల్లటి జిగురు ముద్ద కింద ఉంటుంది కనుక పెంకు ఒక్కటే పనికొస్తుంది. చిప్ కోఠి గుజరాతీ గల్లీలో కొత్తది అడగండి. ‘యూ’ అక్షరం నొక్కి చెప్పండి. అది లేని 74హెచ్‌సీ04 ఇలాంటి సర్క్యూట్‌లో తనంతట తానే కూతపెట్టొచ్చు.

చిప్ 6 వోల్టులకు మించి నడిచేది కాదు. అందుకే 9 వోల్టుల డీసీని 78ఎల్05 రెగ్యులేటర్‌తో 5కు దించి చిప్ 14వ కాలుకు (పిన్‌కు) ఇవ్వాలి. 7వ కాలు గ్రౌండుకు. ఆ రెండింటి మధ్య, చిప్‌ను ఆనుకుని, 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్.

గిటార్ నుంచి 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్, 100 కిలో ఓమ్‌ల రెసిస్టర్ దాటి 1వ కాలుకు. 1, 2 కాళ్ల మధ్య 1 మెగా ఓమ్ రెసిస్టర్. రెండు నుంచి 0.033 మైక్రోఫారడ్, 10 కిలో ఓమ్‌లు దాటి మూడుకు. 3, 4 మధ్య 100 కిలో ఓమ్‌లు. నాలుగు నుంచి 1 మైక్రోఫారడ్ మీదుగా 100 కిలో ఓమ్‌ల వాల్యూమ్ నాబ్‌కు. వాడని 5, 9, 11, 13 కాళ్లను గ్రౌండుకు కలపండి. కీచుమంటే 1 మెగా ఓమ్‌కు సమాంతరంగా 47 పికోఫారడ్ వేయండి.

ప్లాస్టిక్ పెంకు హమ్‌ను (గుంయ్‌మనే కరెంటు రొదను) ఆపదు. లోపలంతా రాగి టేపు అంటించి గ్రౌండుకు కలపాలి. కాలి స్విచ్ కింద అల్యూమినియం రేకు తప్పనిసరి, లేకపోతే మూత పగులుతుంది.

గిటార్ పెట్టకముందే మల్టీమీటర్‌తో 2, 4 కాళ్లు చూడండి, రెండూ 2.5 వోల్టుల దగ్గర ఉండాలి. అమెరికా ఎన్‌ఈఎస్ అడాప్టర్ చేతికొచ్చినా వాడకండి, అది 9 వోల్టుల ఏసీ ఇస్తుంది, మనకు కావాల్సింది డీసీ.