బీపీ మీద కొత్త పరిశోధన అని వార్త వస్తే దాన్ని ఎలా చదవాలి

"ఈ మాత్ర రాత్రిపూట వేసుకుంటే గుండెపోటు ముప్పు సగానికి తగ్గుతుంది", "ఇకమీదట బీపీ 120 దాటకూడదట". ఇలాంటి వార్తలు ఫోన్‌లో తిరుగుతూనే ఉంటాయి. బీపీ మాత్రలు వాడేవాళ్లు అది చూడగానే టెన్షన్ పడతారు, కొందరైతే ఆ రోజే మాత్ర వేసుకునే టైమ్ మార్చేస్తారు. వార్త అబద్ధం అని కాదు, అది మీకు వర్తిస్తుందా లేదా అన్నది మాత్రం హెడ్డింగ్‌లో ఉండదు. దాన్ని వెతికి పట్టుకోవడానికి డాక్టరే కానక్కర్లేదు.

ముందుగా, ఎవరి మీద చేశారో చూడండి. 120 గొడవంతా అమెరికాలో జరిగిన స్ప్రింట్ అనే ట్రయల్ (మనుషులను గుంపులుగా చేసి చికిత్సలను పోల్చి చూసే పరిశోధన)‌తో పెద్దదైంది. పై సంఖ్యను 140 లోపు ఉంచితే చాలా, 120 లోపుకి దించాలా అని 9,361 మందిలో పోల్చి చూశారు. దించినవాళ్లకు మేలు స్పష్టంగా కనిపించడంతో ట్రయల్‌ను ముందే ఆపి, 2015లో ఫలితాలు ప్రకటించారు. కానీ అందులో చేర్చుకున్నది 50 ఏళ్లు, ఆపైబడినవాళ్లను, అదీ గుండె జబ్బు ముప్పు ఎక్కువగా ఉన్నవాళ్లను. షుగర్ ఉన్నవాళ్లను, అప్పటికే పక్షవాతం వచ్చినవాళ్లను అసలు తీసుకోలేదు. షుగర్ ఉన్నవాళ్ల మీద ఇదే ప్రశ్నతో చేసిన అకార్డ్ ట్రయల్‌లో (2010) పక్షవాతం తగ్గింది గానీ, గుండెపోటు, పక్షవాతం, గుండె జబ్బు మరణాలు మూడూ కలిపి లెక్కేస్తే తేడా తేలలేదు. మళ్లీ 2024లో చైనాలో షుగర్ ఉన్నవాళ్ల మీదే చేసిన ఇంకో పెద్ద ట్రయల్‌లో 120 లోపుకి దించితే మేలే జరిగింది. కాబట్టి ఒక్క ట్రయల్ చూసి తీర్పు ఇచ్చేయకండి.

తర్వాత శాతాలు. స్ప్రింట్‌లో ముప్పు 25 శాతం తగ్గింది అంటే వినడానికి వందలో పాతికమంది బతికిపోయినట్టు ఉంటుంది. అసలు లెక్క అది కాదు. 140 లోపు గుంపులో గుండెపోటు, పక్షవాతం, గుండె వైఫల్యం లాంటివి ఏడాదికి వెయ్యి మందిలో దాదాపు 22 మందికి వచ్చాయి, 120 లోపు గుంపులో 16, 17 మందికి. అంటే వెయ్యికి ఐదుగురి తేడా. ఇది తక్కువేమీ కాదు, ఎందుకంటే బీపీ ఏళ్ల తరబడి ఉండేది. అయితే దానికి సగటున ఒక మాత్ర ఎక్కువ పడింది, బీపీ మరీ పడిపోవడం, స్పృహ తప్పడం, కిడ్నీలు దెబ్బతినడం కూడా ఆ గుంపులోనే ఎక్కువ కనిపించాయి. నిలబడితేనే కళ్లు తిరిగే పెద్దవాళ్లకు ఈ నష్టాల లెక్క ఆ మేలు లెక్క కంటే ముఖ్యం. వార్తలో శాతం మాత్రమే ఉండి "వెయ్యికి ఎంతమంది" అన్నది లేకపోతే నేను దాన్ని సగం వార్తగానే చూస్తాను.

ఇక ఎవరూ పట్టించుకోని విషయం, బీపీ ఎలా చూశారు అన్నది. స్ప్రింట్‌లో ఐదు నిమిషాలు ప్రశాంతంగా కూర్చోబెట్టి, ఆటోమేటిక్ మెషీన్‌తో మూడుసార్లు చూసి సగటు తీశారు, చాలా చోట్ల ఆ గదిలో పక్కన ఎవరూ లేకుండానే. మెట్లెక్కి ఆయాసంతో వచ్చి, క్యూలో మాట్లాడుతూనే చెయ్యి చాపితే వచ్చే 135, వాళ్ల 135 ఒకటి కావు. కాబట్టి వాళ్ల అంకెతో పోల్చుకోవాలంటే వాళ్లలాగే చూసుకోవాలి. వీపు కుర్చీకి ఆనించి, పాదాలు రెండూ నేలకు ఆనించి, కాలు మీద కాలు వేసుకోకుండా కూర్చోండి. చెయ్యి బల్ల మీద పెట్టండి, చేతికి చుట్టే పట్టీ గుండె ఎత్తులో ఉండాలి. 2024లో వచ్చిన ఒక పరిశోధనలో చెయ్యి ఒళ్లో పెట్టుకుంటే పై సంఖ్య దాదాపు 4 పాయింట్లు, పక్కకు వేలాడేస్తే 6 పాయింట్లకు పైగా ఎక్కువ చూపించింది. ఒక్కోసారి మందు పెంచాలా వద్దా అన్నది ఆ కొద్ది తేడా మీదే ఆధారపడుతుంది! లావు చేతికి చిన్న పట్టీ చుట్టినా అంకె పెరుగుతుంది.

దేనితో పోల్చారు అన్నది కూడా అడగండి. కిడ్నీ నరాలను కాల్చి బీపీ తగ్గించే చికిత్స మీద మొదట్లో గొప్పగా చెప్పుకున్నారు. 2014లో కొందరికి నిజం చికిత్స, కొందరికి ఉత్తుత్తి చికిత్స చేసి చూస్తే, నిజం చికిత్సతో సుమారు 14 పాయింట్లు, ఉత్తుత్తి చికిత్సతో సుమారు 12 పాయింట్లు తగ్గింది. తర్వాత పద్ధతి మెరుగుపరిచి చేసిన ట్రయల్స్‌లో కొద్దిపాటి ప్రయోజనం తేలింది, అది వేరే విషయం. పోలికకు ఇంకో గుంపు లేకుండా "ఇది వాడితే బీపీ తగ్గింది" అనే ఏ మాటనైనా అనుమానించాల్సిందే.

రాత్రి మాత్ర సంగతికొస్తే, 2019లో వచ్చిన ఒక పరిశోధన అది చాలా మేలని చెప్పింది, దాని పద్ధతి మీద చాలామంది సందేహాలు లేవనెత్తారు. 2022లో బ్రిటన్‌లో 21,000 మందికి పైగా పాల్గొన్న టైమ్ అనే ట్రయల్‌లో పొద్దున వేసుకున్నా రాత్రి వేసుకున్నా తేడా లేదని తేలింది. మీరు మర్చిపోకుండా వేసుకోగలిగే వేళే మంచిది.

ఉప్పు మార్చుకోవడం మీద మాత్రం రుజువు గట్టిగానే ఉంది. చైనాలో 600 గ్రామాల్లో మామూలు ఉప్పుకు బదులు పావు వంతు పొటాషియం క్లోరైడ్ కలిపిన ఉప్పు ఇచ్చి చూస్తే పక్షవాతం 14 శాతం తగ్గింది (2021). ఇక్కడ మళ్లీ మొదటి ప్రశ్నే అడగాలి. తీవ్రమైన కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లను అందులో చేర్చుకోలేదు. కిడ్నీ సమస్య ఉన్నా, స్పిరోనోలాక్టోన్ లాంటి పొటాషియం పెంచే మందులు వాడుతున్నా డాక్టర్‌ని అడగకుండా ఆ ఉప్పు జోలికి పోవద్దు.

ఇంత చదివాక కూడా మాత్ర మోతాదు మీరే మార్చకండి. వారం రోజులు పొద్దున, సాయంత్రం రెండేసి రీడింగ్‌లు తీసి, ఎక్కువ వచ్చినవి దాచకుండా అన్నీ రాసుకుని వెళ్లండి. "నాలాంటివాళ్లు ఆ ట్రయల్‌లో ఉన్నారా?" అని డాక్టర్‌ని నేరుగా అడగండి. మీ మెషీన్ కూడా తీసుకెళ్లి అక్కడి మెషీన్ పక్కనే పెట్టి ఒకసారి పోల్చి చూడమనండి.