నిలబడి పనిచేసే టేబుల్: నా నడుము నొప్పి తగ్గిన తీరు

మహబూబ్‌నగర్‌లో ఇంటి నుంచే నా ఉద్యోగం. పొద్దంతా కూర్చుంటే సాయంత్రానికి నడుము పట్టేసేది. మోటారుతో లేచే టేబుల్ మా బడ్జెట్‌కు చాలా ఎక్కువ. అందుకే మా గల్లీ వడ్లాయన దగ్గరికి పోయాను.

"ఎంత ఎత్తు పెట్టాలె సార్?" అన్నాడు. చెప్పులు విడిచి నిటారుగా నిలబడి, మోచేతులు 90 డిగ్రీలు వంచి, నేల నుంచి మోచేయి దాకా టేపుతో కొలవమన్నాను. నాది 5 అడుగుల 6 అంగుళాల ఎత్తు. కొలత 41 అంగుళాలు వచ్చింది. టేబుల్ సరిగ్గా అంతే చేయించాను. ఎవరి కొలత వాళ్లే తీసుకోవాలి, ఇంకొకరిది పనికిరాదు.

ల్యాప్‌టాప్‌ను ఉత్తగా టేబుల్ మీద పెడితే మెడ వంగిపోతుంది. స్క్రీన్ పై అంచు కంటి మట్టానికి వచ్చేలా కింద పీట పెట్టి, కీబోర్డు, మౌస్ విడిగా కొన్నాను. అసలు హాయి ఇక్కడే తెలిసింది.

మా ఇంట్లో తాండూరు బండలు, మడమలు గుంజాయి. మందపాటి రబ్బరు మ్యాట్ వేశాక తగ్గింది. అదేపనిగా నిలబడటమూ మంచిది కాదు. కాళ్లలో నరాలు ఉబ్బినవాళ్లు ముందు డాక్టర్‌ని అడగండి. నేనైతే మీటింగులు నిలబడి, ఎక్సెల్ పని కూర్చుని చేస్తున్నాను.