స్టాండ్‌బై ఫోన్ సర్వర్: లైసెన్సు, రిమోట్ యాక్సెస్ ముందే ఎలా సిద్ధం చేసుకోవాలి?

ప్రధాన పీబీఎక్స్ (ఆఫీసు ఫోన్ కాల్స్‌ను నడిపే సర్వర్) పడిపోయిన రోజున, దాని బదులు పనిచేయాల్సిన రెండో సర్వర్ (స్టాండ్‌బై) మొరాయించిందంటే ముందుగా అనుమానించాల్సింది లైసెన్సునే. ప్రధాన సర్వర్ బాగా నడుస్తున్నప్పుడే ఈ పని ముగించుకోండి.

1. లైసెన్సు దేనికి ముడిపడిందో చూడండి. పీబీఎక్స్ సాఫ్ట్‌వేర్ అయిన ఆస్టరిస్క్ ఓపెన్ సోర్స్, దానికి రుసుము లేదు. దానిపై వేసుకునే వాణిజ్య మాడ్యూళ్లు మాత్రం తరచూ మ్యాక్ అడ్రస్‌కో (నెట్‌వర్క్ కార్డు గుర్తింపు చిరునామా), సర్వర్ గుర్తింపు సంఖ్యకో కట్టుబడి ఉంటాయి. వర్చువల్ మెషీన్‌ను (సాఫ్ట్‌వేర్‌తో నడిచే కంప్యూటర్) క్లోన్ చేస్తే, అంటే నకలు తీస్తే, సాధారణంగా మ్యాక్ మారుతుంది, లైసెన్సు చెల్లదు. పాత మ్యాక్‌నే పెడదామంటే, ఒకే నెట్‌వర్క్‌లో రెండూ నడిచినప్పుడు ప్యాకెట్లు కాసేపు ఇటు, కాసేపు అటు పోయి రెండు సర్వర్లూ చెడతాయి. అందుకే స్టాండ్‌బైకి విడిగా లైసెన్సు అడగండి. ఒకేసారి ఎన్ని కాల్స్ వెళ్తాయి, ఇంటర్నెట్ లేకుండా ఎన్నాళ్లు పనిచేస్తుంది, గడువెప్పుడు అన్నవి రాతపూర్వకంగా తీసుకోండి. యాక్టివేట్ చేసే ముందే హైపర్‌వైజర్‌లో (వర్చువల్ మెషీన్లను నడిపే సాఫ్ట్‌వేర్) మ్యాక్‌ను స్థిరంగా పెట్టండి.

2. వీపీఎన్ (ఇంటర్నెట్ మీదుగా వెళ్లే సురక్షిత ప్రైవేటు దారి) ద్వారానే లోపలికి రానివ్వండి. ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి సర్వర్‌లోకి లాగిన్ అయ్యే పద్ధతి) వాడే 22వ పోర్టునూ వెబ్ ప్యానెల్‌నూ ఇంటర్నెట్‌కు తెరవొద్దు. వైర్‌గార్డ్ అనే వీపీఎన్ అయితే యూడీపీ 51820 ఒక్కటి తెరిస్తే చాలు. ప్రతి అడ్మిన్‌కూ సొంత కీ, సొంత చిరునామా ఇవ్వండి. ఎవరైనా ఉద్యోగం మానేస్తే ఆ ఒక్క కీ తీసేస్తే సరిపోతుంది. న్యాట్ (ఒకే ఇంటర్నెట్ చిరునామాను పంచే రౌటర్) వెనుక ఉన్న యంత్రానికి కీప్‌అలైవ్ (కనెక్షన్ తెగకుండా పంపే సంకేతం) 25 సెకన్లు పెట్టండి. వీపీఎన్‌ను ప్రధాన సర్వర్ మీద మాత్రం నడపకండి. అది పడిపోతే స్టాండ్‌బైకి వెళ్లే దారీ మూసుకుపోతుంది.

3. ఎస్‌ఎస్‌హెచ్‌లో పాస్‌వర్డ్ లాగిన్ ఆపేసి కీలతోనే అనుమతించండి. మార్పు చేశాక పాత సెషన్ మూయకుండా, ఇంకో విండోలో లాగిన్ అయి చూడండి.

4. సిప్ (కాల్స్ కలిపే పద్ధతి) పోర్టు 5060ను మీ ట్రంక్ ప్రొవైడర్ (బయటి కాల్స్ లైను ఇచ్చే సంస్థ) ఐపీలకే తెరవండి. ఆస్టరిస్క్‌లో ఆడియో మామూలుగా యూడీపీ 10000–20000 మధ్య నడుస్తుంది. ఇది మూసి ఉంటే కాల్ కలుస్తుంది కానీ మాట వినిపించదు, లేదా ఒకవైపే వినిపిస్తుంది. విదేశీ కాల్స్ నిషేధం స్టాండ్‌బైలోనూ ఉందో లేదో తప్పక చూడండి. ఎవరూ పట్టించుకోని సర్వర్‌లో బలహీన పాస్‌వర్డ్ దొరికితే, రాత్రికి రాత్రే మీ ఖాతాలో ఖరీదైన కాల్స్ వెళ్లిపోతాయి.

5. టీఎల్‌ఎస్ సర్టిఫికెట్ (కనెక్షన్‌ను గుప్తంగా ఉంచడానికి వాడేది) గడువు చూడండి. డొమైన్ పేరు ప్రధాన సర్వర్‌నే చూపిస్తున్నప్పుడు స్టాండ్‌బైలో వెబ్ పద్ధతి (ఆ పేరుతో సర్వర్‌ను తెరిచి సరిచూసేది) రెన్యువల్ విఫలమవుతుంది. డీఎన్‌ఎస్ పద్ధతి (డొమైన్ రికార్డులో గుర్తు పెట్టి సరిచూసేది) వాడండి. రెండు సర్వర్ల గడియారాలూ ఎన్‌టీపీతో (నెట్‌వర్క్ ద్వారా సమయం సరిచేసే పద్ధతి) కలిసి ఉండాలి.

6. మామూలు రోజుల్లో స్టాండ్‌బైలో ట్రంక్ రిజిస్ట్రేషన్ (ప్రొవైడర్ దగ్గర మీ ఖాతాతో నమోదు కావడం) ఆపి ఉంచండి. లేదంటే రెండూ ఒకే ఖాతాతో రిజిస్టర్ అయి, వచ్చే కాల్స్ ఫోన్లు లేని సర్వర్‌కు పోవచ్చు. పని వేళలు ముగిశాక ప్రధాన సర్వర్‌ను ఆపి, వీపీఎన్ ద్వారా స్టాండ్‌బైలోకి వెళ్లి ట్రంక్ ఆన్ చేయండి. ఒక ఇన్‌కమింగ్, ఒక అవుట్‌గోయింగ్ కాల్ చేసి, ఇరువైపులా మాట వినిపిస్తోందా, లైసెన్సు పేజీలో అన్ని మాడ్యూళ్లూ చెల్లుబాటులో ఉన్నాయా అన్నది చూసుకోండి.