ఆకు అంచులు మాడుతున్నాయా? మందు కొట్టే ముందు కుండీకి పోసే నీళ్లు చూడండి

నల్గొండలో ఎండలు ముదిరితే చాలు, తెలిసినవాళ్ల దగ్గర్నుంచి నాకు ఒకటే ఫోను: "అన్నా, ఆకులు మాడిపోతున్నయి, ఏం మందు కొట్టాలె?" నేను మందు పేరు చెప్పను. "కుండీలకు ఏ నీళ్లు పోస్తున్నరు?" అని అడుగుతాను. "నీళ్లే గదా, నీళ్లల్ల ఏముంటది?" అంటారు. అసలు సంగతి నీళ్లలోనే ఉంది. మందులకు, ఎరువులకు వందలు ఖర్చు పెట్టి, మొక్క చచ్చిపోయే దశలో ఉన్నాక ఈ మాట గుర్తొస్తే లాభం లేదు. అందుకే రాస్తున్నాను. మట్టి కలపడం, నారు నాటడం మీకు వచ్చనే అనుకుంటున్నాను.

ముందు ఆకు దగ్గర కూర్చోండి

ఆకులో ఏ భాగం పాడైందో చూస్తే సగం జవాబు దొరుకుతుంది. ముదురు ఆకు మొత్తం ఒకేలా పాలిపోతే మట్టిలో బలం లేదని అర్థం, రెండు గుప్పిళ్ల వర్మీకంపోస్టు వేయండి. కింది ఆకులు పసుపెక్కి, వేలు గుచ్చితే మట్టి చిత్తడిగా ఉండి ముక్కిన వాసన వస్తుంటే కుండీ అడుగు రంధ్రం మూసుకుపోయింది. పుల్లతో పొడిచి తీయండి, కింద పెట్టిన పళ్లెం పక్కన పడేయండి. ఎండ తగిలే వైపు ఆకు నడుమ మాత్రమే తెల్లటి మచ్చలు పడితే అది ఎండదెబ్బ, షేడ్ నెట్ కట్టండి. మిరప ఆకు పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి. బెండ ఈనెలు పసుపెక్కి ఆకంతా వలలా కనిపిస్తే పల్లాకు తెగులు, ఆ మొక్క ఇక బాగుపడదు. తెల్లదోమ పక్క మొక్కలకు మోసుకుపోకముందే పీకేయండి.

ఇవేవీ కాకుండా ఆకు కొన నుంచి మొదలై, అంచు వెంబడి గోధుమ రంగు గీతలా మాడుతూ లోపలికి వస్తోందా? ముదురు ఆకుల్లో ముందు, లేత ఆకుల్లో తర్వాత? నీళ్లు పోసినా మధ్యాహ్నానికి మొక్క వాడిపోయి దాహంగా ఉన్నట్టు కనిపిస్తోందా? అయితే మీ కుండీ చౌడు బారింది, అంటే మట్టిలో ఉప్పు పేరుకుంది.

నన్ను రెండు ఎండాకాలాలు తిప్పలు పెట్టినది

మా వైపు ఇంటింటికీ ఫిల్టరు ఉంటుంది. ఫ్లోరైడు భయం మాకు తాతల నాటిది, బోరు నీళ్లు నేరుగా తాగేవాళ్లు తక్కువ. ఆర్ఓ ఫిల్టరు ఒక లీటరు మంచినీళ్లు ఇవ్వాలంటే రెండు, రెండున్నర లీటర్లు బయటికి వదిలేస్తుంది. అన్ని నీళ్లు మోరీలో పోతుంటే ప్రాణం ఒప్పదు. నాకూ ఒప్పలేదు. ఆ పైపు కింద బకెట్ పెట్టి, రోజూ పొద్దున్నే మిద్దె మీది కుండీలకు మోశాను. నీళ్లు ఆదా చేస్తున్నానన్న తృప్తి కూడా ఉండేది.

మొదటి ఎండాకాలం నిమ్మ ఆకుల అంచులు మాడాయి. ఎండకే అనుకుని నెట్ కట్టాను. తర్వాత మల్లె మొగ్గలు రాలాయి. బలం తక్కువైందనుకుని డీఏపీ గింజలు వేశాను. రెండో ఏడు బీన్స్ తీగలు జానెడు పెరగకముందే ఎండిపోయాయి. అదే వరుసలో తనంతట తాను మొలిచిన గంగవాయిలి కూర మాత్రం దట్టంగా, నిగనిగలాడుతూ ఉంది. అది ఉప్పును బాగా తట్టుకునే మొక్క అని అప్పుడు నాకు తట్టలేదు.

ఒకరోజు నిమ్మ కుండీ జరపబోతే చేతికి తెల్లటి పొడి అంటింది. మట్టి కుండీ బయటి గోడ మీద, అడుగు నుంచి బెత్తెడు ఎత్తు వరకు సున్నం వేసినట్టు తెల్లటి పొర. గోటితో గీకితే పెళ్లలుగా రాలింది. లోపల కాండం చుట్టూ మట్టి మీద కూడా అదే పొర, పెంకులా గట్టిపడి ఉంది. నాలుక కొసకు తాకించాను. ఉప్పగా, వెనక చేదుగా ఉంది. నిమ్మ వేరు రోజూ తాగుతున్నది ఇదేనని తెలిసి చాలా బాధేసింది.

నీళ్లలో లీటరుకు ఎన్ని మిల్లీగ్రాముల ఉప్పు కరిగి ఉందో చూపే టీడీఎస్ మీటరు తెచ్చి కొలిచాను. బోరు నీళ్లు 1150, ఫిల్టరు వదిలే నీళ్లు 1600, మిషన్ భగీరథ కింద ప్రభుత్వం ఇచ్చే నల్లా నీళ్లు 300. బోరులోని ఉప్పులో దాదాపు అంతా ఆ వదిలేసే నీళ్లలోకే చేరుతుంది, అందుకే అవి బోరు కన్నా చిక్కన. లీటరుకు 1600 మిల్లీగ్రాములంటే, రోజుకు రెండు లీటర్లు పోస్తే మూడు గ్రాముల పైనే ఉప్పు. అడుగు నుంచి నీళ్లు కారకుండా కొలిచి పోస్తే, మూడు నెలలకు ఒక్క కుండీలో పావుకిలోకు పైగా పేరుకుంటుంది. నీళ్లు ఎండకు ఆవిరైపోతాయి, ఉప్పు ఎక్కడికీ పోదు. మట్టిలో ఉప్పు పెరిగేకొద్దీ వేరు నీళ్లు లాగలేదు. తడిలో నిలబడే మొక్క దాహంతో ఎండిపోతుంది. మనం వాడిపోయిందని ఇంకో చెంబు అవే నీళ్లు పోస్తాం. నేను వేసిన డీఏపీ కూడా ఉప్పే, అది ఇంకా కీడు చేసింది.

ఎలా బాగు చేయాలి

ముందు మీటరు కొనండి, కొన్ని వందల్లో దొరుకుతుంది. కుండీకి నీళ్లు పోసి, కింద కారిన వాటిని గిన్నెలో పట్టి అందులో ముంచండి. నా నిమ్మ కుండీ మొదటి గిన్నె 5200 చూపించింది.

మట్టి మీది తెల్ల పెంకును ఒక అంగుళం లోతు గీకి తీసేయండి. దాన్ని పక్క కుండీలో వేయకండి. తర్వాత నల్లా నీళ్లు గానీ వాన నీళ్లు గానీ తీసుకుని, కుండీలో పట్టే మట్టికి రెండింతల నీళ్లు నిదానంగా పోయండి. పదిహేను లీటర్ల కుండీకి ముప్పై లీటర్లు. ఒక్కసారే కుమ్మరిస్తే నీళ్లు కుండీ అంచు వెంట జారిపోతాయి. మూడు విడతలుగా, మధ్యలో అరగంట ఆగి పోస్తే ఉప్పు కరుగుతుంది. కారే నీళ్లు 1500 లోపుకు దిగేదాకా ఆపకండి. కడిగాక రెండు వారాలు ఏ ఎరువూ వద్దు. తర్వాత వర్మీకంపోస్టు పలుచగా వేసి, పైన ఎండాకు పరచండి. ఆవిరి తగ్గితే ఉప్పు పైకి లేవడమూ తగ్గుతుంది.

ఉప్పు కడిగాక కూడా లేత ఆకులు పసుపుగా, ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే ఇనుప ధాతువు అందడం లేదు. బోరు నీళ్లలోని బైకార్బొనేట్లు మట్టిని క్షారంగా మారుస్తాయి, అప్పుడు మట్టిలో ఇనుము ఉన్నా మొక్కకు దక్కదు. కరివేపాకు, గులాబీ, నిమ్మల్లో ఇది ఎక్కువ. లీటరు నీళ్లకు 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి, సాయంత్రం ఆకులు తడిసేలా వారం, పది రోజుల తేడాతో రెండు మూడు సార్లు కొట్టండి. పొయ్యి బూడిద మాత్రం వేయకండి, అదీ క్షారమే.

ఇదే తప్పు వేరే దారుల్లో కూడా జరుగుతుంది. పురుగు మందు పోవాలని కూరగాయలను ఉప్పు, పసుపు వేసిన నీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లు తులసి కోటలో పోసేవాళ్లను చూశాను. బియ్యం కడిగిన నీళ్లు పోయండి, ఉప్పు కలిసినవి వద్దు. ఇంటికి వాటర్ సాఫ్ట్‌నర్ పెట్టించుకున్నవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. అది నీళ్లలోని కాల్షియం తీసి సోడియం చేరుస్తుంది. గిన్నెల మీద తెల్ల మరక రాదు కాబట్టి నీళ్లు మంచివే అనిపిస్తాయి, మీటరు అంకె కూడా పెద్దగా మారదు. కానీ ఆ సోడియం మట్టిని బిగదీసి బండలా చేస్తుంది. మొక్కలకు సాఫ్ట్‌నర్ కన్నా ముందు నుంచే వేరే నల్లా తీయించుకోండి. ఇప్పటికే పోసి ఉంటే, కుండీకి రెండు చెంచాల జిప్సం కలిపాక పైన చెప్పినట్టు కడగండి.

మరి ఫిల్టరు నీళ్లు ఏం చేయాలి?

పారబోయమని నేను అనను. వాకిలి కడగడానికి, ఇల్లు తుడవడానికి, బాత్రూముకు వాడండి, అక్కడ ఆదా అయిన మంచినీళ్లు మొక్కలకు ఇవ్వండి. మొక్కలకే పోయాలనుకుంటే ఒక బకెట్‌కు మూడు బకెట్ల నల్లా నీళ్లు కలపండి. నా లెక్కన అది 600 దగ్గరికి వస్తుంది. అదీ నేలలో ఉన్న కొబ్బరికి, పాలకూర మడికి. బీన్స్, నిమ్మ, మల్లె కుండీలకు వద్దు.

వాన నీళ్లు పట్టుకునే వీలుంటే అంతకు మించింది లేదు. పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు స్లాబు మీద 20 మిల్లీమీటర్ల వాన పడితే 180 లీటర్ల దాకా వస్తాయి, ఒక డ్రమ్ము దాదాపు నిండుతుంది. మొదటి వాన దుమ్ముతో వస్తుంది, దాన్ని వదిలేసి రెండో వాన నుంచి పట్టండి. ఆ వానాకాలం కుండీలను చూరు కిందికి జరపకుండా ఆరుబయటే ఉంచితే, పేరుకున్న ఉప్పును వానే కడిగేస్తుంది.

కొందరు ఫ్లోరైడు వల్లే ఆకులు మాడాయంటారు. డ్రసీనా, స్పైడర్ ప్లాంట్ లాంటి వాటికి అది నిజం, వాటి కొనలు ఫ్లోరైడుకు మాడతాయి. కూరగాయల్లో నేను చూసినంత వరకు కారణం ఉప్పే. వేరు పురుగు, బోరాన్ ఎక్కువవడం లాంటివీ కారణం కావచ్చు, కానీ ముందు ఉప్పు సంగతి చూసుకోండి.

మాడిన అంచు మళ్లీ పచ్చబడదు. దాన్ని చూసి దిగులుపడకండి, కత్తిరించనూ వద్దు, మిగిలిన పచ్చభాగం మొక్కకు అన్నం పెడుతూనే ఉంటుంది. కొత్త చిగురు చూడండి. నా నిమ్మకు కడిగిన మూడు వారాలకు అంచులు శుభ్రంగా ఉన్న నాలుగు ఆకులు వచ్చాయి.