పసి మనసు భాష, 3వ పాఠం: అలకా, బెంగా, ఉక్రోషమా?

కిందటి పాఠంలో చెప్పిన పని చేశారా? పేచీ మొదలవగానే గడియారం చూసి, ఎంతసేపు సాగిందో నోటుబుక్కులో రాయమన్నాను. అరగంట ఏడ్చినట్టు అనిపించింది చాలాసార్లు నాలుగు నిమిషాలే అయ్యుంటుంది. అమెరికాలో మైఖేల్ పోటెగల్, రిచర్డ్ డేవిడ్‌సన్ అనే పరిశోధకులు ఏడాదిన్నర నుంచి ఐదేళ్ల వయసున్న పిల్లల పేచీల వివరాలు తల్లిదండ్రుల చేత రాయించి 2003లో ప్రచురించారు. 75 శాతం పేచీలు 5 నిమిషాల్లోపే ముగిశాయి. ఇంకో సంగతి కూడా తేలింది. కోపం మొదట్లోనే భగ్గుమని తర్వాత దిగిపోతుంది. దిగులు మాత్రం మొదటి నుంచి చివరిదాకా ఉంటుంది.

ఇవాళ్టి పాఠం ఆ కోపం దిగిన తర్వాతి నిమిషం గురించి. అరుపులు తగ్గి వెక్కిళ్లు మిగిలినప్పుడు పిల్లవాడు ఒకసారి మీకేసి చూస్తాడు. వాడి బాధకు పేరు చెప్పాల్సింది అప్పుడే. అంతకుముందు చెబితే చెవికెక్కదు. అప్పటిదాకా పక్కన కూర్చుని, ఎక్కడా దెబ్బ తగలకుండా చూసుకుంటే చాలు. (గుక్కపట్టి నీలంగా మారిపోయే పిల్లల సంగతి వేరు. వాళ్లను తప్పకుండా డాక్టరుకు చూపించండి.)

'కోపమొచ్చిందా? ఏడుపొచ్చిందా?' అని రెండు మాటలతోనే సరిపెట్టేస్తాం. మన భాషలో అంతకంటే చాలా ఉన్నాయి. చొక్కా గుండీ ఎంతకీ పట్టక విసిరికొట్టే మూడేళ్లవాడిది ఉక్రోషం. చెల్లెలికి ముందు ముద్ద పెట్టారని మూతి ముడుచుకుని గోడవైపు తిరిగి కూర్చుంటే అది అలక. జూన్‌లో కొత్తగా బడికి వెళ్లిన పాప సాయంత్రం మీ కొంగు వదలకుండా తిరుగుతుంటే అది బెంగ. పైకి మూడూ ఏడుపులాగే కనిపిస్తాయి గానీ మందు ఒకటి కాదు.

ఇది నాకు మా అమ్మ నేర్పింది. రెండో కాన్పుకు ఆసుపత్రిలో నాలుగు రోజులుండి ఇంటికొస్తే, మా పెద్దమ్మాయి నా దగ్గరికి రాలేదు. దానికప్పుడు నాలుగేళ్లు. ఎత్తుకోబోతే తోసేసింది. 'చూశావా అమ్మా, ఎంత అలిగిందో' అన్నాను. 'అలక కాదే, బెంగ. దగ్గరికొస్తే మళ్లీ వెళ్లిపోతావని దాని భయం' అంది అమ్మ. అంతవరకూ నేను చాక్లెట్ చూపించి బుజ్జగిస్తున్నాను. పాపను ఎదురుగా కూర్చోబెట్టుకుని, 'అమ్మ లేదని బెంగ పెట్టుకున్నావా? ఇంక ఆసుపత్రికి వెళ్లను. ఈ రాత్రి నీ పక్కనే పడుకుంటాను' అన్నాను. వెంటనే ఏమీ అనలేదు. పడుకునే వేళకు తన దిండు తెచ్చి నా మంచం మీద వేసింది.

అలకకు బుజ్జగింపు కావాలి. అలిగినవాడు మనం వచ్చి పలకరించాలని ఎదురుచూస్తుంటాడు. బెంగకు భరోసా కావాలి. పిల్లలు ఆటలో పడ్డారు కదా అని చెప్పకుండా జారుకోకండి. ఆ పూటకు ఏడుపు తప్పుతుంది గానీ మర్నాటి నుంచి మిమ్మల్ని బాత్రూమ్‌కు కూడా వదలరు. 'నువ్వు అన్నం తిని, నిద్రపోయి లేచేసరికి వస్తాను' అని చెప్పి, అన్నట్టే రండి. ఉక్రోషానికి సగం సాయం చాలు. గుండీ మీరు పెట్టేయకుండా సగం దూర్చి వదలండి, మిగతాది వాడే లాగుతాడు.

పేరు చెప్పేటప్పుడు తీర్పులా కాకుండా అడిగినట్టు చెప్పండి. 'ఉక్రోషంగా ఉందా?' అంటే, కాకపోతే తల అడ్డంగా ఊపుతారు. అదీ మంచిదే, తన లోపలికి తాను చూసుకున్నట్టే కదా. అష్టాచెమ్మాలో ఓడి గవ్వలు విసిరేసిన పిల్లవాణ్ణి అందరం చుట్టూ చేరి 'ఉడుకుమోతు' అని ఏడిపిస్తాం. అది బాధకు పెట్టిన పేరు కాదు, పిల్లవాడికి వేసిన ముద్ర. దయచేసి ఆ మాట మానేయండి. 'ఓడిపోయేసరికి ఉడుక్కున్నావు కదూ' అంటే ఆ ఉడుకు కాసేపట్లో పోయేదని వాడికీ తెలుస్తుంది. పేరు పెట్టినంత మాత్రాన కొట్టడానికి అనుమతి ఇచ్చినట్టు కాదు. చేయి పట్టుకుని, 'కోపం వచ్చింది, సరే. తమ్ముణ్ణి మాత్రం కొట్టనివ్వను' అనండి.

పడితే నేలను కొట్టి ఊరుకోబెట్టడం కూడా నాకు నచ్చదు. నొప్పి పుడితే ఎవరో ఒకరిని కొట్టాలని నేర్పినట్టవుతుంది. 'దెబ్బ తగిలింది, భయం కూడా వేసింది కదా' అని ఒళ్లోకి తీసుకుంటే సరిపోతుంది.

ఈ వారం అభ్యాసం. నోటుబుక్కులో టైము పక్కన ఇంకో గడి గీయండి. పేచీ అణిగాక అది అలకో, బెంగో, ఉక్రోషమో, ఇంకేదైనానో మీ ఊహ అందులో రాయండి. పిల్లలు ఒప్పుకున్నారో లేదో కూడా రాయండి. రోజుకోసారి మీ సంగతి కూడా వాళ్ల ముందు పైకి అనండి: 'నాకు ఇవాళ చిరాగ్గా ఉంది, నీ మీద కాదు, ఆఫీసు పని మీద.' పిల్లలు సొంతంగా ఏదైనా మాట కల్పిస్తే, 'పొట్టలో గుర్‌గుర్' లాంటిదైనా సరే, దాన్ని దిద్దకుండా అలాగే రాసుకోండి. వచ్చే పాఠంలో చీకటి భయం దగ్గర ఆ మాటలతోనే మొదలుపెడదాం.