డెబియన్‌లో ఐఎఫ్‌కాన్ఫిగ్ కనిపించకపోతే: సమస్య - పరిష్కారం

లక్షణం: డెబియన్ (లినక్స్ ఆధారిత ఆపరేటింగ్ సిస్టమ్) సర్వర్‌లో, నెట్‌వర్క్ వివరాలు చూపే ఐఎఫ్‌కాన్ఫిగ్ కమాండ్ కొడితే ‘కమాండ్ నాట్ ఫౌండ్’ అని వస్తుంది. వెంటనే ఆ కమాండ్ ఉండే నెట్-టూల్స్ ప్యాకేజీని అన్ని యంత్రాలకూ వాడే బేస్ ఇమేజ్‌లో (మూల ప్రతిలో) చేర్చేయడం చాలామందికి అలవాటు. దయచేసి ముందు ఆ ప్యాకేజీ ఇప్పటికే ఉందేమో, ఉన్న ప్యాకేజీలను చూపే డీపీకేజీ కమాండ్‌తో చూడండి. అర నిమిషం కూడా పట్టని ఈ పరీక్షను దాదాపు అందరూ వదిలేస్తున్నారు.

ప్యాకేజీ లేకపోతే: 2017లో వచ్చిన డెబియన్ 9 నుంచి అది డిఫాల్ట్‌గా రావడం లేదు, ఆ పనులకు ఐపీరూట్2 అనే మరో ప్యాకేజీ ఉంది. ఐఎఫ్‌కాన్ఫిగ్‌కు బదులు ‘ఐపీ అడ్రస్’, కనెక్షన్లు చూపే నెట్‌స్టాట్‌కు బదులు ‘ఎస్ఎస్’ వాడండి.

ప్యాకేజీ ఉన్నా అదే సందేశం వస్తే: నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టింది ఇదే. ఐఎఫ్‌కాన్ఫిగ్ ఉండేది ఎస్‌బిన్ డైరెక్టరీలో. సాధారణ యూజర్ పాత్‌లో (కమాండ్ల కోసం వెతికే డైరెక్టరీల జాబితాలో) గానీ, పనులను నిర్ణీత సమయాలకు నడిపే క్రాన్ తనంతట తాను ఇచ్చే పాత్‌లో గానీ ఆ డైరెక్టరీ ఉండదు. దీనికి తోడు 2019 నాటి డెబియన్ 10లో, వేరే యూజర్‌గా మారడానికి వాడే ‘ఎస్‌యూ’ కమాండ్ మారింది: హైఫన్ లేకుండా ఎస్‌యూ కొడితే రూట్ (నిర్వాహకుడి) అధికారం వస్తుంది కానీ, పాత్ మాత్రం పాత యూజర్‌దే మిగులుతుంది. నేను ఒకసారి ఇది గమనించక ఇమేజ్‌ను రెండుసార్లు మళ్లీ తయారుచేశాను; క్రాన్‌లో నడిచే స్క్రిప్టు రెండుసార్లూ అలాగే ఆగిపోయింది. గుర్తుపట్టడం తేలికే: నెట్‌స్టాట్ అదే ప్యాకేజీలోదైనా బిన్ డైరెక్టరీలో ఉంటుంది కాబట్టి, అది పనిచేసి ఐఎఫ్‌కాన్ఫిగ్ పనిచేయకపోతే తప్పు పాత్‌దే. ‘ఎస్‌యూ’ తరువాత ఖాళీ వదిలి హైఫన్ పెట్టండి. స్క్రిప్టులో పూర్తి పాత్ రాయండి.

కమాండ్ నడిచినా స్క్రిప్టుకు చిరునామా చిక్కకపోతే: డెబియన్ 9తో వచ్చిన నెట్-టూల్స్‌లో అవుట్‌పుట్ రూపం మారింది. ‘ఐనెట్ యాడర్’ అనే మాటను వెతికే పాత స్క్రిప్టుకు, ఇప్పుడు ‘ఐనెట్’ మాత్రమే కనిపించే చోట ఏమీ దొరకదు. అంటే ఏ స్క్రిప్టుల కోసమని పాత పరికరాన్ని బేస్‌లో ఉంచుతున్నామో, వాటికే అది అక్కరకు రావడం లేదు. వాటిని ‘ఐపీ’ కమాండ్‌కు మార్చి రాయడమే సరైన పని.

డిస్క్ పాడవడం, ఫైలు చెరిగిపోవడం వంటివి చాలా అరుదు, చివరికి చూసుకోవచ్చు.

బయటి సాఫ్ట్‌వేర్ ఏదైనా ఐఎఫ్‌కాన్ఫిగ్ తప్పనిసరి అంటే, నెట్-టూల్స్‌ను ఆ యంత్రాల ప్యాకేజీ జాబితాలో మాత్రమే చేర్చండి, బేస్ ఇమేజ్‌లో వద్దు.