సొంత విమానానికి ఊడదీసే రెక్కలు: ముందు పిన్నుల లెక్క, తర్వాతే రెక్క

సొంతంగా చిన్న విమానం కట్టుకోవాలని వచ్చే కుర్రాళ్లు మొదట ఇంజిన్ గురించి అడుగుతారు. నేను మాత్రం మొదట ఒకటే అడుగుతాను: "రాత్రిపూట దాన్ని ఎక్కడ పెడతావు బాబూ?" రెండు సీట్ల విమానం రెక్కలు ఈ చివరి నుంచి ఆ చివరికి తొమ్మిదిన్నర మీటర్లు వస్తాయి. అంటే 30 అడుగుల పైమాటే. హైదరాబాద్ అల్వాల్‌లో, సైనిక్‌పురిలో మన కాలనీ రోడ్ల వెడల్పే 30 అడుగులు. పైగా రోడ్డెక్కే ఏ బండీ 2.6 మీటర్ల వెడల్పు దాటకూడదని మోటారు వాహనాల నిబంధన. ఇంట్లో కట్టి, ట్రాలీ మీద నాదర్‌గుల్ ఎయిర్‌స్ట్రిప్ లాంటి చోటికి తీసుకెళ్లి ఎగరేయాలంటే రెక్క ఊడి రావాలి, లేదా మడత పడాలి. అది చివర్లో చూసుకునే పని కాదు. రెక్క ఎలా ఊడుతుందో తేలాకే రెక్క గీయాలి.

అనుమతుల సంగతి ఒక్క మాటలో చెప్పి వదిలేస్తాను. డీజీసీఏ (పౌర విమానయాన నియంత్రణ సంస్థ) కాగితం లేకుండా నేల విడవకూడదు. ముంబైలో ఇంటి డాబా మీద విమానం కట్టిన అమోల్ యాదవ్ గారికి రిజిస్ట్రేషన్ 2017లో వస్తే, ఎగరడానికి పర్మిట్ 2019లో వచ్చింది. కాబట్టి ఫైలు పనీ, ఫ్రేము పనీ ఒకే రోజు మొదలుపెట్టండి.

నేను బేగంపేటలో విమానాల మెయింటెనెన్స్ ఇంజినీరుగా పనిచేశాను. ఇప్పుడు బాలానగర్‌లో చిన్న టూల్ రూమ్ నడుపుతున్నాను. కింద రాసేదంతా లేత్ మిషన్ దగ్గర నిలబడి చెప్పే మాటలే.

మడతా, ఊడదీతా

రెక్క కింద నుంచి బాడీకి ఊతకడ్డీ, అంటే స్ట్రట్, ఉన్న హై వింగ్ (రెక్క బాడీ పైన ఉండే) విమానమైతే మడతపెట్టడమే తేలిక. కిట్‌ఫాక్స్ అనే చిన్న విమానం దీనికి బాగా తెలిసిన ఉదాహరణ. ముందు స్పార్ (రెక్క పొడవునా ఉండే దూలం) పిన్ను తీసేసి, వెనక స్పార్ కీలు మీద రెక్కను వెనక్కి తిప్పితే అది తోక పక్కన ఒదిగిపోతుంది. స్ట్రట్ కూడా రెక్కతోపాటే తిరుగుతుంది. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. పైన వెనక స్పార్ కీలూ, కింద స్ట్రట్ బాడీకి తగిలే జాయింటూ, ఈ రెండిటినీ కలిపే గీతే రెక్క తిరిగే ఇరుసు. రెండు జాయింట్లూ ఆ ఇరుసు చుట్టూ ఇబ్బంది లేకుండా తిరగగలగాలి. అలా లేకపోతే సగం తిరిగాక రెక్క బిగుసుకుంటుంది. అప్పుడు బలం పెట్టి నెట్టితే వంగేది స్ట్రట్టే. డ్రాయింగ్ మీద మాత్రమే చూడకుండా చెక్కతో పూర్తి సైజు నమూనా చేసి తిప్పి చూడండి.

స్ట్రట్ ఉన్న రెక్కలో వంపు బలం చాలా వరకు స్ట్రట్టే మోస్తుంది. రెక్క మొదట్లో, అంటే బాడీకి తగిలే చోట, ఉన్న పిన్నుల మీద భారం తక్కువ. అందుకే మొదటిసారి కట్టేవాళ్లకు నేను ఇదే చెబుతాను.

స్ట్రట్ లేని లో వింగ్ కావాలంటే కథ మారిపోతుంది. ఇక్కడే కాగితం, పెన్సిలు తీయాలి.

అసలు లెక్క

విమానం మొత్తం బరువు 600 కిలోలు అనుకుందాం. గాలిలో మామూలుగా రాగల గరిష్ఠ భారం 4 జీ, అంటే విమానం బరువుకు నాలుగు రెట్లు, దాని మీద ఒకటిన్నర రెట్ల భద్రత, వెరసి 6 జీ. ఒక్కో రెక్క మీద 1,800 కిలోల లిఫ్టు, అంటే పైకెత్తే బలం. రెక్క పొడవు బాడీ పక్క నుంచి 4.3 మీటర్లయితే ఆ లిఫ్టు మధ్యబిందువు మొదటి నుంచి సుమారు 1.9 మీటర్ల దూరంలో పడుతుంది. గుణిస్తే 3,420 కిలోగ్రామ్-మీటర్ల వంపు బలం. రెక్క సొంత బరువు దీన్ని కొంచెం తగ్గిస్తుంది కానీ ప్రస్తుతానికి వదిలేద్దాం.

ఇప్పుడు ఈ బలాన్ని రెండు రకాలుగా పట్టుకోవచ్చు. మొదటిది, రెక్క స్పారును బాడీ పక్కనే ఆపేసి, పైన ఒక లగ్గు (రంధ్రమున్న చెవి), కింద ఒక లగ్గు పెట్టి బోల్టులు వేయడం. స్పార్ ఎత్తు 15 సెంటీమీటర్లే కాబట్టి ఒక్కో బోల్టు మీద 3,420 భాగించు 0.15, అంటే దాదాపు 23 టన్నుల లాగుడు. రెండోది, స్పారును బాడీలోపలికి పొడిగించి, ఎడమ స్పారూ కుడి స్పారూ సీటు కింద పక్కపక్కన దాటేలా చేసి, 90 సెంటీమీటర్ల ఎడంతో రెండు పిన్నులు గుచ్చడం. ఇప్పుడు ఒక్కో పిన్ను మీద పడేది 3,800 కిలోలే. అదే రెక్క, అదే గాలి. పిన్ను మీద భారం మాత్రం ఆరో వంతే.

గ్లైడర్లు ఇలా స్పార్లను దాటించి పిన్నులు వేసే పద్ధతినే ఎన్నో ఏళ్లుగా వాడుతున్నాయి. ఇంగ్లండ్‌లో ఐవాన్ షా గీసిన యూరోపా, అమెరికా వాన్స్ కంపెనీ ఆర్‌వీ-12 కూడా ఇదే దారి పట్టాయి. లగ్గులతో కట్టకూడదని నేను అనను. కానీ 23 టన్నుల ఫిట్టింగును ఇంట్లో వెల్డింగు చేసి నమ్ముకోవద్దు.

ఈ పద్ధతికి మూల్యం చోటు. తీసేశాక ఒక్కో రెక్కకు మీటరు పొడవు స్పార్ ముక్క బయటికి పొడుచుకుని ఉంటుంది, ట్రాలీ అంత పొడుగు కావాలి. బాడీలో స్పార్ దూరే సొరంగం పైలట్ తొడల కింద నుంచి పోవాలి, కాబట్టి సీటు ఎత్తు దాన్నిబట్టే తేలుతుంది. రెండు స్పార్లూ పక్కపక్కన దాటాలి గనక ఎడమ రెక్కకూ కుడి రెక్కకూ స్పార్ మందమంత ముందువెనకల తేడా వస్తుంది. అదీ డ్రాయింగులో ముందే చూపించాలి.

రంధ్రమే బలహీనం, పిన్ను కాదు

20 మిల్లీమీటర్ల పిన్ను అనుకోండి. 3,800 కిలోలను ఒకే చోట కోతగా తీసుకున్నా చదరపు మిల్లీమీటరుకు 12 కిలోలే. నార్మలైజ్ చేసిన 4130 రకం స్టీలు దీనికి మూడు రెట్లు తట్టుకుంటుంది. అక్కడితో సంతృప్తిపడి ఆగిపోయేవాళ్లు చాలామంది. పిన్ను నొక్కే గోడ సంగతి చూడండి. స్పార్ వెబ్ (నిలువు పలక) మందం 3 మిల్లీమీటర్లే అయితే ఆ గోడ మీద చదరపు మిల్లీమీటరుకు 63 కిలోలు పడుతుంది. 6061-టీ6 అల్యూమినియం ఆ దెబ్బకు సాగిపోతుంది, గుండ్రటి రంధ్రం కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది. అదే చోట డబ్లర్ ప్లేట్లు రివెట్లతో పేర్చి మందం 10 మిల్లీమీటర్లకు తెస్తే భారం 19కి దిగుతుంది. లోపల స్టీలు బుష్ (చిన్న గొట్టం ముక్క) ప్రెస్ చేస్తే అరుగుదల కూడా తగ్గుతుంది. రంధ్రం నడిమధ్య నుంచి ప్లేటు అంచుకు కనీసం రెండు వ్యాసాల దూరం ఉంచండి, అంటే 40 మిల్లీమీటర్లు. బుష్ వేస్తే ఆ దూరాన్ని బుష్ బయటి వ్యాసంతో లెక్కించాలి. పరీక్ష చేసి నిరూపించని ఫిట్టింగులకు విమాన నిబంధనల్లో ఇంకో 15 శాతం కలపమంటారు, దాన్ని కూడా కలుపుకోండి. రెండు స్పార్ల మధ్య సందు ఉంటే పిన్ను వంగడం మొదలవుతుంది కాబట్టి అవి ఒకదానికొకటి ఆనుకునే ఉండాలి.

రంధ్రం డ్రిల్లుతో పూర్తి చేయకూడదు. తక్కువ సైజు డ్రిల్లు కొట్టి, రెండు స్పార్లనూ అసలు కోణంలో జిగ్‌లో (కదలకుండా పట్టే చట్రంలో) బిగించి, రెండిటికీ కలిపి ఒకేసారి, రంధ్రాన్ని నున్నగా సైజుకు తెచ్చే రీమర్ తిప్పాలి. 20 మిల్లీమీటర్ల హెచ్7 రంధ్రానికి జీ6 పిన్ను వేస్తే (ఇవి కొలతలో ఎంత తేడా ఒప్పుకోవాలో చెప్పే టాలరెన్సు గుర్తులు) మధ్యలో మిగిలే సందు 0.007 నుంచి 0.041 మిల్లీమీటర్లు. చేత్తో గుచ్చితే దూరాలి, ఊపితే కదలకూడదు. ఈ కొలతలు పట్టుకోగల టర్నర్లు మన ఊళ్లో దొరుకుతారు. సీఐటీడీ (సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్) 1968 నుంచి బాలానగర్‌లో టూల్ మేకర్లను తయారు చేస్తూనే ఉంది, ఆ చేతులు జీడిమెట్ల దాకా ప్రతి షెడ్డులోనూ ఉన్నాయి. వాళ్లకు డ్రాయింగు మీద టాలరెన్సు రాసి ఇవ్వండి. "టైటుగా పెట్టు అన్నా" అంటే వాళ్ల టైటు వేరు, మీ టైటు వేరు.

తుప్పు పట్టకుండా పిన్నుకు ప్లేటింగ్ చేయిస్తారు. హార్డెనింగ్ చేసిన పిన్నుకు ఎలక్ట్రోప్లేటింగ్ చేస్తే స్టీల్లోకి హైడ్రోజన్ చేరి పెళుసెక్కుతుంది. ప్లేటింగ్ అయిన వెంటనే, ఆలస్యం చేయకుండా, 190 డిగ్రీల దగ్గర గంటల తరబడి ఓవెన్లో ఉంచాలి. ఆ ఓవెన్ లేని షాపుకు పిన్ను ఇవ్వొద్దు. రాణిగంజ్‌లో అన్ని రకాల బోల్టులూ దొరుకుతాయి, ట్రాలీకి అక్కడే కొనండి. రెక్కకు మాత్రం సర్టిఫికెట్ ఉన్న ఏఎన్ (విమానాల ప్రమాణం) బోల్టులూ, టెస్ట్ రిపోర్టు ఉన్న స్టీలూ తప్ప ఇంకేమీ వాడొద్దు.

మన ఎండ సంగతి. మే మధ్యాహ్నం 42, జనవరి తెల్లవారుజాము 12. ముప్పై డిగ్రీల తేడాకు 90 సెంటీమీటర్ల అల్యూమినియం స్పార్, అంతే పొడవున్న స్టీలు ఫ్రేము కంటే సుమారు 0.3 మిల్లీమీటరు ఎక్కువ సాగుతుంది. మన పిన్ను సందు దాని పదో వంతు. అందుకే ఈ రెండు పిన్నులూ స్పారునూ స్పారునూ మాత్రమే కలపాలి, స్టీలు ఫ్రేములోంచి పోకూడదు. రెక్కను బాడీకి పట్టే ముందువెనక పిన్నులు రెక్క పొడవు దిశలో కొంచెం జారగలిగే బేరింగుల్లో కూర్చోవాలి. శీతాకాలంలో కట్టిన విమానానికి వేసవిలో పిన్ను రావడం లేదని సుత్తి తీసేది ఇలాంటి చోటే.

కంట్రోళ్లు

పిన్నుల కంటే నన్ను ఎక్కువ భయపెట్టేది ఇదే. రెక్క బిగించి, ఎయిలరాన్ (విమానాన్ని పక్కకు వాల్చే, రెక్క వెనకంచున కదిలే పలక) కలపడం మరిచిపోయి ఎగిరి ప్రాణాలు పోగొట్టుకున్న పైలట్లు గ్లైడర్ ప్రపంచంలో ఉన్నారు. వాళ్లు తెలివితక్కువవాళ్లు కాదు. చీకటి పడుతుంటే, పక్కన ఎవరో మాట్లాడిస్తుంటే, చేయి ఒక మెట్టు దాటేసింది, అంతే.

అందుకే కలపాల్సిన అవసరమే లేకుండా చేయండి. ఆర్‌వీ-12లో రెక్కను లోపలికి తోస్తుంటే ఫ్లాపరాన్ (ఫ్లాపు, ఎయిలరాన్ రెండు పనులూ చేసే పలక) కంట్రోలు దానంతటదే కలుస్తుంది. పిన్నులు పూర్తిగా దూరితే తప్ప స్టార్టర్ పనిచేయకుండా మైక్రోస్విచ్చులు ఉంటాయి. పెట్రోలు ట్యాంకు రెక్కలో కాకుండా బాడీలో ఉంటుంది కాబట్టి ఇంధనం పైపులు విప్పే పనే లేదు. మీరు ఏ డిజైన్ తీసుకున్నా ఈ మూడూ పెట్టుకోండి, స్విచ్చుల ఖర్చు వేలల్లోకి కూడా పోదు.

చేత్తోనే కలపాల్సి వస్తే జాయింటు కళ్ల ముందు ఉండాలి, చేయి దూరాలి, లాక్ పడిందో లేదో కనపడాలి. గ్లైడర్లలో వాడే లోతెలియే (L'Hotellier) రకం బాల్ జాయింట్లు పైకి కలిసినట్టే కనిపిస్తాయి, లాక్ పడి ఉండకపోవచ్చు. వాటికి సేఫ్టీ పిన్ను తప్పనిసరి. ఎడమ జాయింటు కుడివైపు పట్టకుండా సైజులు వేరు చేయండి.

ఆ తర్వాత పరీక్ష. ఒక మనిషి బయట ఎయిలరాన్‌ను అరచేతులతో గట్టిగా పట్టుకోవాలి, లోపల కూర్చున్నవారు స్టిక్ నెట్టాలి. లోపల బరువు తెలియాలి, బయట చేతికి తోపు తెలియాలి. స్టిక్ ఎడమకు తిప్పితే ఎడమ ఎయిలరాన్ పైకి లేవాలి. రెండు పక్కలా, ఫ్లాపులకూ, తోకకూ ఇదే. బేగంపేటలో కంట్రోళ్లు విప్పిన ప్రతిసారీ రెండో ఇంజినీరు వచ్చి డూప్లికేట్ ఇన్‌స్పెక్షన్ చేసి సంతకం పెట్టేవాడు. ఇంట్లో కట్టిన విమానానికీ అదే పద్ధతి పెట్టుకోండి, రెక్క బిగించిన మనిషి కాకుండా వేరొకరు చూడాలి. బిగించేటప్పుడు ఫోను ఎత్తకండి. ఎవరైనా మధ్యలో పిలిస్తే మళ్లీ మొదటి నుంచి చూడండి.

ఇసుక బస్తాలు

లెక్క ఎంత సరిగ్గా వేసినా రెక్కను బరువు పెట్టి చూడకుండా ఎక్కొద్దు. విమానాన్నో, అంతే బలమైన జిగ్‌నో తలకిందులుగా పెట్టి, అసలు పిన్నులతోనే రెక్క బిగించండి. 4 జీకి ఒక్కో రెక్క మీద 1,200 కిలోల లిఫ్టు. రెక్క 40 కిలోలుంటే దాని జడత్వం 160 కిలోలను తగ్గిస్తుంది. తలకిందులుగా ఉన్నప్పుడు దాని సొంత బరువు 40 కిలోలు మనవైపే పనిచేస్తుంది. మిగిలింది 1,000 కిలోలు, అంటే 50 కిలోల ఇసుక బస్తాలు 20. రెక్క మొదట్లో ఎక్కువ, చివర్న తక్కువ పేర్చండి, రెండు రెక్కల మీదా ఒకేసారి, జత జతగా. రెక్క కింద ఎవరూ నిలబడకూడదు, కింద బల్లలు కొంచెం ఎడంగా పెట్టి ఉంచండి. బస్తాలు దించాక రెక్క చివర మొదటి ఎత్తుకే రావాలి. పిన్నులు చేత్తో ఊడి రావాలి. రంధ్రాలను బోర్ గేజితో రెండు దిక్కులా కొలవండి, నిలువు కొలతకూ అడ్డ కొలతకూ తేడా వస్తే గోడ మందం చాలలేదని అర్థం.

బిగించడం, దాచడం

బిగించేటప్పుడు ముగ్గురు ఉంటే హాయి. రెక్క మొదట్లో ఒకరు, చివర్న ఒకరు, పిన్ను దగ్గర ఒకరు. మాట మాత్రం మొదట్లో ఉన్నవారిదే. పిన్ను దూరకపోతే చివర్న ఉన్నవారు వేలెడంత పైకో కిందికో కదిపితే దూరుతుంది. పిన్ను మొనకు సెంటీమీటరు వాలు ఇచ్చి, గ్రీజు రాసి ఉంచండి. ప్రతి పిన్నుకూ దాని రంధ్రానికీ ఒకే నంబరు చెక్కండి, బాడీకి వైరుతో కట్టి ఉంచితే ట్రాలీలో పోదు.

ట్రాలీలో రెక్కను ముందంచు కిందికి పెట్టి, కార్పెట్ వేసిన చెక్క తొట్టిలో నిలబెట్టాలి. బరువు మొదట్లో స్పార్ మీద ఒకచోటా, రెక్క పొడవులో మూడింట రెండు వంతుల దగ్గర ఒకచోటా మోయించండి. తోక వెడల్పు 2.6 మీటర్లు దాటితే అదీ ఊడదీయాల్సిందే. ఇంటి ముందు నిలిపినప్పుడు స్పార్ సొరంగానికీ, రెక్క మొదట్లో తెరిచి ఉన్న రిబ్బులకూ (అడ్డ పట్టీలకూ), గాలి వేగం కొలిచే పీటో గొట్టానికీ మూతలు పెట్టండి. మట్టిగూళ్లు పెట్టే కందిరీగలకు పీటో గొట్టం మహా ఇష్టం. తొలకరి వానలకు ముందే పిన్నులన్నీ తీసి, తుడిచి, కొత్త గ్రీజు రాసి, బుష్‌ల మీద తుప్పు చుక్క ఉందేమో టార్చి వేసి చూడండి.